అడ్డగీత లేని ‘ఏ’

నాన్న సంవత్సరీకానికి తెనాలి వెళ్లాం. భోజనాలయి చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరాక, అమ్మ కరెంటు బిల్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంకా నాన్న పేరు మీదే వస్తోంది. మార్పించాలంటే పాత కాగితాలేవో కావాలన్నారట. “మీటరు ఎప్పుడు పెట్టించారో ఆయన డైరీల్లో ఎక్కడో రాసే ఉంటారు, బీరువా పై అరలో చూడు” అంది.

పై అరలో డైరీలన్నీ వరసగా ఉన్నాయి. నాన్న బ్యాంకులో చేసేవారు. జనవరి వస్తోందంటే డైరీ కోసం మా వీధిలో సగంమంది ఆయన్ని పలకరించేవాళ్లు. రిటైరయ్యాక ఆయనే వెళ్లి ఎవరినో అడిగి తెచ్చుకోవాల్సి వచ్చేది. అది మాత్రం ఆయనకు మహా నామోషీ. ఒకటి తీసి తెరిచాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. గ్యాసు, ఇంటి ట్యాక్సు, వాటర్ ట్యాంకు కడిగించిన రోజు, అన్నీ ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో, ఎర్ర ఇంకుతో హెడ్డింగులు.

రెండు పేజీలు తిప్పాక గాని గమనించలేదు. ఇంగ్లీషు ‘ఏ’కి అడ్డగీత లేదు. ఒకచోట కాదు, పేజీ అంతా అంతే. తిరగేసిన ‘వి’ లాగా, పూరిపాక కప్పు లాగా ఉంది. ‘టీ’ కూడా టీ కాదు, అంకె ఏడులా ఒకవైపే గొడుగు.

ముప్పై ఆరేళ్లు లెడ్జర్లు రాసిన చెయ్యి అది. ఆ చేతిలోంచి ఆ గీత ఎలా పోయిందో నాకు తెలుసు. చికాగోలో మంచు పడుతున్న ఒక శనివారం పోయింది.

*

అప్పట్లో మేం నలుగురం చికాగో పక్కన షాంబర్గ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తడబడతాయన్న వై టూ కే హడావుడి అయిపోయి ఏడాది కావొస్తోంది. ఇద్దరికి ప్రాజెక్టు ఉంది, ఇద్దరు బెంచి మీద ఉన్నారు. ఎవరు ఏ వారం ఎటువైపు ఉంటామో తెలియదు కాబట్టి అద్దె, బియ్యం అన్నీ ఉమ్మడి. కారు మాత్రం ఒకటే. వరంగల్ అన్న కొన్న పాత కరోలా. ఆయన మాకంటే ఆరేళ్లు పెద్ద, పెళ్లయి కూతురు కూడా ఉంది, వాళ్లు హన్మకొండలో. మిగతా ఇద్దరిలో ఒకడు కాకినాడ, ఒకడు కర్నూలు. పేర్లు ఉన్నా ఊళ్లతోనే పిలుచుకునేవాళ్లం. నేను తెనాలిని.

ఆ నవంబరు ముప్పయ్యో తారీకున నాన్న రిటైరయ్యారు. నెల ముందు నుంచీ ఫోన్లో చెబుతూనే ఉన్నారు, సాయంత్రం ఐదింటికి బ్రాంచిలో మీటింగు పెడుతున్నారు, రీజినల్ ఆఫీసు నుంచి కూడా వస్తున్నారట అని. ఆ రోజు ఫోన్ చెయ్యాలని నేను గట్టిగానే అనుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, తీరిగ్గా ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టాను. ఇక్కడ ముప్పయ్యో తారీకు రాత్రి. పదకొండున్నర గంటలు కలుపుకోవాలన్న సంగతి అటు రింగవుతుంటే తట్టింది. తెనాలిలో ఒకటో తారీకు తెల్లారిపోయింది. దండ, శాలువా, గోడగడియారం, అన్నీ ముందు రోజే అయిపోయాయి. ఆఫీసుకు వెళ్లక్కర్లేని మొదటి పొద్దున ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“పోనీలేరా, పనుల్లో ఉంటావు” అన్నారు. ఆ మాట అని వెంటనే అమ్మకిచ్చేశారు.

నాకు ఆ వారమంతా అన్నం సహించలేదు. గుర్తుంచుకోవడం నా వల్ల కాదు, గుర్తుచేసేది ఏదైనా కొనుక్కోవాలని అప్పుడే అనుకున్నాను.

*

ఆ డిసెంబరంతా మంచే. రాత్రి బాగా కురిసిందని కిటికీ తెరవకుండానే తెలిసిపోయేది, శబ్దాన్ని బట్టి. అసలు శబ్దం ఉండేది కాదు. హైవే హోరు, పక్షులు, ఏమీ వినపడవు. ఎక్కడో పార చెక్కు చెక్కుమని కాంక్రీటుకి గీసుకుంటూ ఉంటుంది. ఆపైన మంచు నెట్టే ట్రక్కు వెనక్కి వెళ్తూ బీప్ బీప్‌మంటుంది. మా నలుగురికీ అదే సుప్రభాతం.

శనివారం అంటే కారు తీసే రోజు. వారం పనులన్నీ ఒక కవరు వెనక రాసుకునేవాళ్లం. కరెంటు కంపెనీ వాడు బిల్లు పంపిన కవరే. ఆ రోజు రాసినవి: బ్యాంకులో చెక్కులు వెయ్యాలి, ఫొటోల రీలు తెచ్చుకోవాలి, వీడియో కేసెట్లు తిరిగివ్వాలి, కరివేపాకు, కందిపప్పు, ఫోన్ కార్డులు నాలుగు, అద్దం తుడిచే నీలం నీళ్లు. అందరికంటే కింద నేను చిన్నగా ‘పామ్’ అని రాశాను. కాకినాడ చూసి “పాము దేనికిరా?” అన్నాడు.

కారు మీద జానెడు మంచు. చీపురుతో దులిపి, కింద గడ్డకట్టిన పొరని గోకుడు బద్దతో గీకాలి. గీకుతుంటే పళ్లు జివ్వుమనే చప్పుడు. అంతకు ముందు ఏడాది ఇదంతా ఎందుకని కాకినాడ ఒక చెంబుడు మరిగే నీళ్లు తెచ్చి అద్దం మీద పోశాడు. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి పటపటా పగిలింది. అప్పటి నుంచి వాణ్ని కారు దగ్గరికి చెంబుతో రానిచ్చేవాళ్లం కాదు.

బ్యాంకు డ్రైవ్‌త్రూ నాకు చాలా ఇష్టమైన చోటు. చెక్కు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గొట్టంలో వేస్తే సుయ్యిమని గాలి లాక్కుపోతుంది. అద్దం అవతల కూర్చున్న అమ్మాయి దగ్గర టక్కున పడుతుంది. తిరుగు టపాలో రసీదు, నాలుగు లాలీపాప్‌లు. నాన్న కౌంటరు ముందు జనం టోకెన్లు పట్టుకుని ఇత్తడి బిళ్లలు చెమటకి తడిసేదాకా నిలబడే దృశ్యం నాకు ఎప్పుడూ అక్కడే గుర్తొచ్చేది. ఆ రోజు కిటికీ గడ్డకట్టి దిగలేదు. అన్న తలుపే తెరిచి, సగం బయటికి వంగి డబ్బా అందుకున్నాడు.

ఫొటోల రీలు సంగతి చెప్పాలి. మంచులో నిలబడి ఫొటో తీయించుకుని ఇంటికి పంపాలని నలుగురికీ ఉండేది. మంచి జాకెట్ కర్నూలు ఒక్కడికే ఉంది, ఎర్రది. ఒకరి తర్వాత ఒకరం అదే వేసుకుని, అదే చెట్టు కింద, అదే నవ్వు నవ్వాం. నాలుగు ఊళ్లలో నాలుగు గోడల మీద ఆ జాకెట్టు చాలా ఏళ్లు వేలాడింది. మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

*

ఇండియన్ షాపులుండే డెవాన్ వీధికి వెళ్లాలంటే టోల్ రోడ్డు ఎక్కాలి. అప్పట్లో టోలు నలభై సెంట్లు. ఒక క్వార్టరు, ఒక డైము, ఒక నికెలు బుట్టలోకి విసిరితే గలగలమని లోపలికి జారి పచ్చదీపం వెలిగేది. చేతికి గ్లవ్స్ ఉంటే నాణేలు అందవు, తీస్తే వేళ్లు ఒప్పుకోవు. డైము మంచులో పడిపోతే దిగి వెతుక్కునేవాళ్లం, వెనక హారన్లు మోగుతుంటే.

డెవాన్‌లో కొంత మేర గాంధీ మార్గ్ అని బోర్డు ఉంటుంది. ఆ గాంధీ మార్గంలో కారు ఆపుకోవడానికి చోటు దొరకడం మాత్రం సత్యాగ్రహమే. పక్క సందులోకి తిరిగాం. ఒకచోట శుభ్రంగా మంచు ఎత్తేసిన ఖాళీ ఉంది, మధ్యలో ఒక పాత వంటింటి కుర్చీ. ఎవరో పారేశారనుకుని కర్నూలు దిగి కుర్చీ పక్కన పెట్టాడు. అంతే, ఎదురింటి మెట్ల మీంచి ఒక ముసలాయన నైట్ డ్రెస్సులోనే వచ్చి చేతులు తిప్పుతూ అరిచాడు. సగం అర్థమైంది. పార పట్టి చోటు చేసుకున్నవాడిదే ఆ చోటు, కుర్చీ దానికి గుర్తు. చికాగోలో చట్టంలో లేకపోయినా అందరూ పాటించే పద్ధతి అని తర్వాత తెలిసింది. అన్న తనే దిగి కుర్చీ తెచ్చి ఎక్కడ ఉన్నదో అక్కడే పెట్టి, “రైల్ల తువ్వాల ఏసినట్టే గదరా” అన్నాడు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇండియన్ స్టోర్ తలుపు తెరవగానే కళ్లజోళ్లు తెల్లబడిపోయేవి. ఏమీ కనపడదు, వాసన మాత్రమే. ఇంగువ, అగరొత్తులు, మాగిన మామిడిపళ్ల సెంటు, తడిసిన ఉన్ని కోట్లు. జోడు తుడుచుకుని పెట్టుకునేలోపు ఆ అర నిమిషం తెనాలి బోసు రోడ్డులోనే ఉన్నట్టుండేది. కరివేపాకు చిన్న ప్లాస్టిక్ సంచిలో, లెక్కపెట్టినట్టు రెబ్బలు. కేసెట్లు ఇచ్చేటప్పుడు వెనక్కి తిప్పి ఇవ్వలేదని ఒక్కోదానికి జరిమానా వేసేవాడు. ఫోన్ కార్డుల మీద తాజ్‌మహల్ బొమ్మ. గీకి పిన్ను కొడితే ఒకావిడ ఇన్ని నిమిషాలున్నాయని చెప్పేది, ఎప్పుడూ అన్ని నిమిషాలు వచ్చేవి కావు.

*

చివరికి ఎలక్ట్రానిక్స్ షాపు. అప్పటికే చీకటి పడింది, నాలుగున్నరకే. అందరూ అలిసిపోయి ఉన్నారు. “గింత చిన్నదానికి నూటయాభై డాలర్లా తమ్మీ?” అన్నాడు అన్న. నిజానికి 149. పామ్ ఎం 100, ఆ ఏడాది ఆగస్టులోనే వచ్చింది, వాటిల్లో అదే చవక. రూపాయల్లో ఏడు వేలు. మా మేడ మీద వాటాకి నెలకి 1,200 అద్దె వచ్చేది. అంటే ఆరు నెలల అద్దె జేబులో వేసుకుంటున్నాను.

ఇప్పటివాళ్లకి అదేమిటో చెప్పాలంటే కష్టమే. ఫోన్ కాదు, ఇంటర్నెట్ లేదు, రంగుల్లేవు. బూడిద రంగు తెర. తేదీలు, అడ్రసులు, చెయ్యాల్సిన పనులు, చిన్న చిన్న రాతలు, ఇవే. మెమరీ రెండు ఎంబీ. ఈ పామ్‌లకి ఆద్యుడైన జెఫ్ హాకిన్స్ మొదట ఒక చెక్కముక్క కోసుకుని, నెలల తరబడి చొక్కా జేబులో పెట్టుకుని, దాని మీదే రాస్తున్నట్టు నటిస్తూ తిరిగాడట. ఆ కథ నాకు భలే నచ్చింది. ఇంకోటి, వీటిల్లో మొట్టమొదటిది, పైలట్ అనేది, 1996లో వచ్చినప్పుడు ఆ కంపెనీని నడుపుతున్నది యూఎస్ రోబోటిక్స్. వాళ్లది స్కోకీ, మేం కరివేపాకు కొనుక్కునే చోటికి కూతవేటు. లోపలి చిప్పేమో మోటరోలాది, అప్పట్లో వాళ్ల హెడ్డాఫీసు మా షాంబర్గ్‌లోనే. ఇవన్నీ చెప్పి అన్నని ఒప్పించాలని చూశాను. “మనూరిదైతే ఇంక తగ్గియ్యాలె గద” అన్నాడు.

మూతకి చిన్న కిటికీ ఉండేది. మూత తీయకుండానే బొత్తాం నొక్కితే అందులోంచి టైము కనపడేది. ఇంటికొచ్చేదాకా కారులో అదే నొక్కుతూ కూర్చున్నాను.

దాని మీద రాయడానికి మనకొచ్చిన అక్షరాలు పనికిరావు. గ్రాఫిటీ అని వాళ్ల లిపి వాళ్లకుంది. ఒక్కో అక్షరం పుల్ల ఎత్తకుండా ఒకే గీతలో రాయాలి. ‘ఏ’కి అడ్డగీత వెయ్యకూడదు, వేస్తే అది ఖాళీ వదలమన్నట్టు అర్థం చేసుకుంటుంది. ‘టీ’ అంటే అడ్డంగా వచ్చి కిందికి దిగడం. అక్షరాలు ఎడమవైపు గడిలో, అంకెలు కుడివైపు గడిలో. ఆ రాత్రి పప్పు మాడిపోయేదాకా నలుగురం కూర్చుని అక్షరాభ్యాసం చేశాం. నేను ఎక్కించిన మొదటి ఎంట్రీ నాన్న పుట్టినరోజు. పదకొండున్నర గంటలు వెనక్కి లెక్కేసి అలారం పెట్టాను.

రెండు నెలలయ్యేసరికి ఆఫీసులో వైట్‌బోర్డు మీద నా ‘ఏ’లకి గీతలు పోయాయి. మా మేనేజరు చూసి నవ్వి తన నోటుబుక్కు తీసి చూపించాడు. ఆయనవీ పోయాయి. భోజనాల దగ్గర ఒకరి పామ్ నెత్తి ఒకరి పామ్ నెత్తికి ఎదురుగా పెట్టి అడ్రసులు పంపుకునేవాళ్లం, పందెపు కోళ్లని ముక్కు ముక్కు చూపించి దువ్వినట్టు.

అది ఉన్నన్నాళ్లు ఒక్క పుట్టినరోజూ మర్చిపోలేదు. ఉద్యోగం మాత్రం అంతకాలం ఉండలేదు. మరుసటి ఏడాది ఎండాకాలానికి నేనూ బెంచి మీదకి చేరాను, శీతాకాలానికి హైదరాబాదు చేరాను. ఆ సంగతులు ఇంకోసారి.

*

హైదరాబాదులో అది ఎవరికీ అక్కర్లేదు. తెనాలి తీసుకెళ్లి నాన్నకిచ్చాను. రిటైరయ్యాక డైరీ లేక వెలితిగా ఉన్నారేమో, చేతికి పని ఉంటుందని.

ఆయన మొదట దాన్ని దేవుడి గదిలోకి తీసుకెళ్లారు. నాలుగు మూలలా పసుపు పెట్టి తెచ్చారు. కొత్త చొక్కా ప్యాకెట్ ప్లాస్టిక్ కాగితం కత్తిరించి తెర మీద అంటించారు. అప్పుడు కూర్చుని, “ఇందులో తెలుగు రాయొచ్చా?” అన్నారు.

టైపు కొట్టినట్టు రాదు గాని ఎం 100లో నోట్ ప్యాడ్ అని ఒకటి ఉండేది, పుల్లతో ఏం గీస్తే అది అలాగే ఉంచుకుంటుంది. తెరిచిచ్చాను. నాన్న పుల్ల పట్టుకుని, లెడ్జరు మొదటి పేజీ మీద రాసేటంత నెమ్మదిగా, పైన మధ్యలో ‘శ్రీరామ’ అని రాశారు. రా దీర్ఘం దగ్గర ప్లాస్టిక్ కాగితం కొంచెం లేచింది. వేలితో అద్ది మళ్లీ మొదలుపెట్టారు.

గ్రాఫిటీ నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆయన ఐదు రోజుల్లో నేర్చారు. దానితో వచ్చిన అట్టముక్క మీది అక్షరాల పట్టికని వంటింటి క్యాలెండరు పక్కన అంటించుకుని, పాత పాస్‌బుక్కుల వెనక పేజీలకి పేజీలు దిద్దారు. గ్యాసు బుకింగులు, పాలవాడి లెక్క, చుట్టాల ఫోన్ నంబర్లు, ఎల్‌ఐసీ ప్రీమియంలు, అందరి తిథులు ఎక్కించారు. “గీత వెయ్యకపోతే ఎంత టైము కలిసొస్తుందో చూశావుట్రా” అని నాతో అన్నారు. రిటైరైన మనిషికి కలిసొచ్చిన ఆ టైము దేనికో నేను అడగలేదు.

దానికి రిమోట్‌లో వేసే సన్న పెన్సిల్ సెల్స్ రెండు కావాలి. సెల్స్ మార్చేటప్పుడు తీసిన నిమిషంలోపు కొత్తవి వేసెయ్యాలి, లేకపోతే లోపలున్నదంతా పోతుంది. ఆ సంగతి నేను చెప్పాను. గట్టిగా చెప్పానా అంటే, చెప్పలేదేమో. కంప్యూటర్‌కి తగిలించి ఒక కాపీ తీసి పెట్టుకోవాల్సింది. తీగ హైదరాబాదులో నా దగ్గరే ఉండిపోయింది.

నాన్న సెల్స్ తీశారు. లోపల స్ప్రింగుల దగ్గర కాస్త తుప్పులా కనపడిందట. పాత పంచె ముక్క తెచ్చి, పుల్లకి చుట్టి, ఒక్కో స్ప్రింగూ తుడిచారు. కళ్లజోడు మార్చుకుని మళ్లీ చూశారు. అప్పుడు కొత్త సెల్స్ వేశారు. తెర వెలిగింది, కొత్తగా కొన్ననాటి లాగే, ఖాళీగా. ఏడాదిన్నర రాసినవన్నీ పోయాయి. శ్రీరామ కూడా.

ఎస్టీడీ చేసి చెప్పారు. నేను తప్పు నాదేనని ఏదో అనబోతుంటే అడ్డొచ్చారు. “పోనీలేరా, నేను దేనికైనా మంచిదని డైరీలో కూడా ఎక్కిస్తున్నాగా.”

రెండు చోట్లా రాస్తూనే ఉన్నారన్నమాట, మొదటి రోజు నుంచీ. తర్వాత కూడా ఆ పామ్‌లో మళ్లీ అన్నీ ఎక్కించి కొన్నాళ్లు వాడారు. సెల్ ఫోన్ వచ్చాక దాన్ని కళ్లజోడు పెట్టెలో పెట్టి బీరువాలో దాచారు.

*

అది కూడా దొరికింది, డైరీల వెనకే. మూల పసుపు గోధుమ రంగులోకి తిరిగి అలాగే ఉంది. సెల్స్ కారి తెల్లటి పొడి కట్టాయి. వరంగల్ అన్నకి ఫొటో తీసి పంపాను. ఆయన ఇప్పుడు టెక్సాస్‌లో ఉన్నాడు, ఆ కూతురికి పెళ్లి కూడా చేశాడు. “ఏడు వేల పాము ఇంక బతికున్నదా?” అని జవాబొచ్చింది.

మీటరు పెట్టించిన తేదీ నాలుగో డైరీలో దొరికింది. దాన్ని కాగితం మీద ఎక్కించుకుంటుంటే మా అమ్మాయి నా భుజం మీంచి తొంగి చూసింది. తొమ్మిదో తరగతి, ఎవరి రాతలో ఏ తప్పున్నా దానికి ముందు కనపడుతుంది.

“తాతయ్యకి ఏ రాయడం రాదా?” అంది.

నేను నోరు తెరిచేలోపు, వంటింట్లో తపేలాలు సర్దుకుంటున్న అమ్మ అక్కణ్నుంచే అంది. “రాకేం, ముత్యాల్లా రాసేవారు. మీ నాన్న నేర్పాడని మానేశారు.”